సూత్రం సరే, షరతులేమిటి? డాక్టర్ టార్రాష్‌పై పాఠకుల ప్రశ్నలు

గత నెల ఈ చదరంగం శీర్షికలో రూక్ ముగింపుల గురించి రాస్తూ 'టార్రాష్ సూత్రం' అనే మాట వాడాం. ముందు అడ్డులేని (పాస్డ్) బంటు వెనక రూక్ ఉండాలన్నదే ఆ సూత్రం. ఆ ఒక్క మాట మీదే విశాఖ నలుమూలల నుంచీ ఉత్తరాలొచ్చాయి. అందుకే ఈ నెల చోటంతా పాతకాలపు జర్మన్ చెస్ మాస్టర్ టార్రాష్‌కే ఇచ్చాం. నిలువు వరుసలను ఎ నుంచి హెచ్ దాకా, అడ్డు వరుసలను 1 నుంచి 8 దాకా రాశాం. పాతవాళ్లు ఏనుగు, శకటు అనేవాటిని కోచింగుల్లో పిల్లలు పిలిచినట్టే రూక్, బిషప్ అన్నాం. బోర్డు పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న (ఒక తల్లి, ద్వారకానగర్): మా అబ్బాయి ఏడో తరగతి. చెస్ క్లాసు నుంచి వచ్చినప్పుడల్లా టార్రాష్ పేరు చెబుతాడు. ఆయన ప్రపంచ ఛాంపియనా?

జవాబు: కాదమ్మా. కానీ 1890ల మొదట్లో టోర్నీల్లో ఆయన్ని మించిన ఆటగాడు లేడని చాలామంది నమ్మారు. ఫలితాలు చూస్తే ఆ నమ్మకం తప్పనిపించదు. జీగ్‌బెర్ట్ టార్రాష్ 1862 మార్చి 5న బ్రెస్లావులో పుట్టారు. అప్పట్లో ప్రష్యాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్. ఆయనకు ముందు తరంలో గొప్ప దాడికారుడైన అండర్సన్‌దీ అదే ఊరు. టార్రాష్ వైద్యం చదివి న్యూరెంబర్గ్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1883లో ఆ ఊళ్లోనే జరిగిన పోటీలో ప్రధాన విభాగానికి కింది విభాగం గెలిచి మాస్టర్ అయ్యారు.

తర్వాత వరసగా నాలుగు పెద్ద టోర్నీలు ఆయనవే. 1889లో బ్రెస్లావులో 17 ఆటలకు 13 పాయింట్లు, 1890లో మాంచెస్టర్‌లో 19కి 15½. ఈ రెండింట్లో ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆపైన 1892లో డ్రెస్డెన్, 1894లో లైప్జిగ్. మధ్యలో 1893లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి రష్యన్ మాస్టర్ చిగోరిన్‌తో 22 ఆటల మ్యాచ్ ఆడారు. చెరో 9 గెలిచి, 4 డ్రా చేసుకున్నారు.

మీ అబ్బాయి క్లాసులో ఆయన పేరు వినపడడానికి కారణం మాత్రం ఈ గెలుపులు కాదు. అంతకుముందు మొదటి ప్రపంచ ఛాంపియన్ స్టెయినిట్జ్ కనిపెట్టిన స్థాన లెక్కలను సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లో చెప్పింది టార్రాషే. పావులకు కదిలే చోటుండాలి, మధ్యగళ్లు పట్టులో ఉండాలి, ఇరుకున పడ్డవాడి మీద ఒత్తిడి సడలించకూడదు అని ఇవాళ కోచ్‌లు చెప్పే పాఠాల్లో సగం ఆయన పుస్తకాల దారిన వచ్చినవే.

ప్రశ్న (ఒక పాఠకుడు, కంచరపాలెం): 'రూక్ ఎప్పుడూ పాస్డ్ బంటు వెనకే ఉండాలి' అన్నారు. అలాగే పెట్టి రెండు ఆటలు డ్రా చేసుకున్నాను. ఎక్కడ తప్పు?

జవాబు: ఆ 'ఎప్పుడూ' దగ్గరే. ముందు సూత్రం ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. ఎదుట గానీ, రెండు పక్క వరుసల్లో గానీ ప్రత్యర్థి బంటు అడ్డు లేనిదే పాస్డ్ బంటు. తెల్ల బంటు ఎ4లో, తెల్ల రూక్ దాని వెనక ఎ1లో, నల్ల రూక్ ఎదురుగా ఎ8లో పెట్టండి. ఆ వరుసలో నల్ల రూక్‌కు మూడు గళ్లున్నాయి, మీ రూక్‌కు రెండు. బంటును ఎ5కు తోస్తే వాడికి రెండు, మీకు మూడు. ఎ6కు తోస్తే వాడికి ఒకటి, మీకు నాలుగు. ఎ7కు చేరేసరికి వాడికి సున్నా, మీకు ఐదు. తోసిన ప్రతిసారీ మీ రూక్ గాలి పీల్చుకుంటుంది, వాడిది గోడకు నొక్కుకుపోతుంది. సూత్రమంతా ఈ లెక్కే.

ఇప్పుడు తిప్పి చూడండి. మీ రూక్ ఎ8లో, బంటు ఎ7లో ఉంది. నల్ల రూక్ వెనక ఎ1లో, నల్ల రాజు జి7లో. మీ రూక్ పక్కకు జరిగితే బంటు పోతుంది. మీ రాజు బి7కు వచ్చి కాపలా కాస్తే బి1 నుంచి చెక్ పడుతుంది. దాక్కునే ఎ7 గడిలో మీ బంటే కూర్చుంది. డ్రా. ఇందులో నల్లకు ఒక గండం ఉంది. రాజు జి7, హెచ్7 మధ్యే తిరగాలి. తెల్ల రాజును ఆపుదామని ఎఫ్7కు వచ్చాడా, రూక్ హెచ్8! నల్ల రూక్ ఎ7లో బంటును తినగానే రూక్ హెచ్7 చెక్. రాజు తప్పుకోవాలి, వెనకున్న రూక్ పోతుంది. స్కూలు టోర్నీల్లో ఈ తప్పు తరచూ జరుగుతుంది, ఎందుకంటే రాజును మధ్యకు తేవాలనే పాఠం పిల్లలకు బాగా ఒంటబట్టి ఉంటుంది.

మూడో రకం ఒకటుంది. బంటు ఇంకా ఎ6లోనే ఉంది, తెల్ల రూక్ ముందు ఎ8లో ఉంది, నల్ల రాజు జి7లో. ఇక్కడ నల్ల రూక్‌కు సరైన చోటు వెనక కాదు, పక్కన: ఎఫ్6. అక్కడి నుంచి బంటును అడ్డంగా చూస్తూ ఉంటుంది. తెల్ల రాజు బి5కు వచ్చి బంటును కాస్తే ఎఫ్5 నుంచి చెక్, బి6కు వస్తే ఎఫ్6 నుంచి చెక్. బంటు ఎ7కు కదిలితే అప్పుడు రూక్ ఎ6కు, అంటే వెనక్కి వెళ్తుంది. దీన్ని వాంచురా స్థితి అంటారు. బంటును అడ్డుకునేది రూక్ కాక రాజైతే కూడా లెక్క మారుతుంది. అప్పుడు వెనక కూర్చున్న రూక్‌కు పనే ఉండకపోవచ్చు.

సూత్రం అచ్చంగా పనిచేసిన ఆట కావాలంటే 1927 బ్యూనస్ ఎయిరెస్ ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో ఆఖరిదైన 34వ ఆట చూడండి. అలెఖైన్ రూక్ ఎ-బంటు వెనక, కాపబ్లాంకా రూక్ ముందు. అలెఖైన్ బంటును తోయడానికి తొందరపడలేదు. వాడి రూక్ అక్కడ కట్టుబడి ఉండగా తన రాజును రెండో వైపు నడిపించారు. మీరు వదిలేసిన మెట్టు ఇదే అయి ఉంటుంది: రూక్‌ను వెనక పెట్టడం సగం పనే, మిగతా సగం రాజుది.

ప్రశ్న (తొమ్మిదో తరగతి విద్యార్థి, ఎం.వి.పి. కాలనీ): 'టార్రాష్ ట్రాప్' అంటే ఏమిటి? నాకు వేయడం నేర్పించండి.

జవాబు: నేర్చుకో, కానీ పడకుండా ఉండడం ముందు నేర్చుకో. ఎత్తులివి (ముందు తెల్లది, తర్వాత నల్లది; గడి పేరొక్కటే ఉంటే బంటు ఎత్తు; అంకె తర్వాత చుక్కలుంటే నల్ల ఎత్తు): 1. ఈ4 ఈ5 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6 3. బిషప్ బి5, డి6 4. డి4, బిషప్ డి7 5. గుర్రం సి3, గుర్రం ఎఫ్6 6. క్యాస్లింగ్, బిషప్ ఈ7 7. రూక్ ఈ1. ఇక్కడ నల్ల ఈ5 బంటుతో డి4 బంటును తినేయాలి. మధ్యలో పట్టు కొంచెం వదులుకున్నట్టే, అయినా తప్పదు. చూడడానికి సహజంగా ఉండే 7... క్యాస్లింగ్ తప్పు.

ఎందుకంటే 8. బిషప్ సి6 గుర్రాన్ని తింటుంది, నల్ల బిషప్ తిరిగి తింటుంది. 9. డి-బంటు ఈ5ను తింటే డి6 బంటు తిరిగి తింటుంది. 10. రాణులు డి8లో మారతాయి, నల్ల ఎ8 రూక్‌తో తీసుకుంటాడు. 11. గుర్రం ఈ5 బంటును తింటుంది. నల్ల బిషప్ ఈ4 బంటును తింటుంది. 12. గుర్రం ఆ బిషప్‌ను, నల్ల గుర్రం ఆ గుర్రాన్ని తింటాయి. ఇప్పుడు ఆగు. చెయ్యి రూక్ మీదకు వెళ్తుంది, కదూ? 13. రూక్‌తో ఈ4 గుర్రాన్ని తిన్నావంటే డి1లో నల్ల రూక్ చెక్, రెండెత్తుల్లో నువ్వే మాట్. సరైనది 13. గుర్రం డి3. డి-వరుస మూసుకుపోయింది, ఈ4 గుర్రం మీద రూక్ కన్ను అలాగే ఉంది. 13... ఎఫ్5 14. ఎఫ్3, బిషప్ సి5 చెక్ 15. గుర్రం బిషప్‌ను తింటుంది, నల్ల గుర్రం తిరిగి తింటుంది. 16. బిషప్ జి5, రూక్ డి5 17. బిషప్ ఈ7, రూక్ ఈ8 18. సి4. డి5 రూక్ జరిగితే సి5 గుర్రం పోతుంది. జరగకుండా రూక్‌తో ఈ7 బిషప్‌ను తిన్నా నీకు రూక్ వస్తుంది, వాడికి బిషప్పే దక్కుతుంది.

టార్రాష్ ఈ విశ్లేషణను 1891లోనే అచ్చువేశారు. మరుసటి ఏడు డ్రెస్డెన్‌లో మార్కో అనే మాస్టర్ సరిగ్గా ఇందులోనే పడ్డాడు.

ప్రశ్న (ఒక ఉద్యోగి, ఉక్కునగరం): షిఫ్టు డ్యూటీలు చేస్తూ ఆదివారం టోర్నీలకు వెళ్తుంటాను. రోగుల్ని చూసుకుంటూ టార్రాష్ ఆ స్థాయికి ఎలా వెళ్లారు?

జవాబు: తక్కువ ఆడి. ఏ టోర్నీకి వెళ్లాలో ఏరుకునేవారు. ఒప్పుకున్న టోర్నీకి మాత్రం పూర్తిగా వెళ్లేవారు. 1898 వియన్నా టోర్నీ చూడండి, ఒక్కొక్కరికి 36 ఆటలు, దాదాపు రెండు నెలలు. పిల్స్‌బరీతో 27½ దగ్గర సమానమై, టైబ్రేక్ మ్యాచ్‌ను 2½–1½తో గెలిచారు. ఆ వెంటనే వచ్చిన లండన్ 1899, పారిస్ 1900 రెండింట్లోనూ ఆయన లేరు. తిరిగి వచ్చి 1903లో మాంటె కార్లోలో 26కి 20 తెచ్చుకుని మరోసి, పిల్స్‌బరీల కంటే పైన నిలిచారు. 1907లో ఆస్టెండ్ ఛాంపియన్ల టోర్నీ కూడా ఆయనదే, అప్పటికి వయసు 45.

మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. ఆయన ఓపెనింగులు ఏళ్ల తరబడి ఇంచుమించు అవే. రోజూ చదివే తీరిక లేనివాడికి అదే దారి: తెల్లతో ఒకటి, ఈ4కు ఒకటి, డి4కు ఒకటి. నైట్ షిఫ్టు దిగి నేరుగా పొద్దుటి రౌండుకు వెళ్లేటప్పుడు కొత్త వేరియేషన్ జోలికి పోవద్దు. ఓపెనింగ్ గుర్తున్నా నాలుగో గంటలో లెక్క తప్పుతుంది.

ప్రశ్న (వైద్య విద్యార్థి, మహారాణిపేట): అంత గెలిచినవాడు లాస్కర్ చేతిలో ఎందుకు ఓడారు?

జవాబు: సమయం మించిపోయింది, అది మొదటి కారణం. స్టెయినిట్జ్‌తో హవానాలో ఆడమని పిలుపొచ్చినప్పుడు ప్రాక్టీసు వదిలి రాలేనన్నారు. 1892లో కుర్ర లాస్కర్ మ్యాచ్‌కు సవాలు చేస్తే, ముందు పెద్ద టోర్నీ ఏదైనా గెలిచి రమ్మన్నారు. రెండేళ్లు తిరగకుండా లాస్కర్ స్టెయినిట్జ్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిపోయాడు. టార్రాష్ జీవితంలో అతి ఖరీదైన తప్పు ఈ జవాబేనని మా అభిప్రాయం.

చివరికి మ్యాచ్ 1908లో కుదిరింది. డ్యూసెల్డార్ఫ్‌లో మొదలై మ్యూనిక్‌లో ముగిసింది. లాస్కర్ 8 గెలిచి, 3 ఓడి, 5 డ్రా చేశాడు. టార్రాష్‌కు 46, లాస్కర్‌కు 39. కానీ వయసొక్కటే కాదు. స్థానం బాగున్నవాడు గెలుస్తాడని టార్రాష్ లెక్క. స్థానం కాస్త చెడినా ఎదుటివాడికి లెక్కకు అందని చిక్కులు పెట్టడం లాస్కర్ విద్య. బాగున్న స్థానంలో కూడా ప్రతి ఎత్తుకూ కొత్తగా లెక్కవేయాల్సి వచ్చినప్పుడు సూత్రాలు తోడు రావు.

ప్రశ్న (ఒక కాలేజీ విద్యార్థి, గాజువాక): డి4కు జవాబుగా టార్రాష్ డిఫెన్స్ మొదలుపెట్టాను. ఒంటరి బంటు ఎప్పుడూ పోతోంది. మానేయమంటారా?

జవాబు: మానొద్దు, పావులు మార్చడం మానండి. 1. డి4 డి5 2. సి4 ఈ6 3. గుర్రం సి3, సి5. క్వీన్స్ గాంబిట్‌కు, అంటే తెల్ల 2. సి4కు, సరైన జవాబు ఇదొక్కటేనని ఆయన పట్టుబట్టారు. అంత గట్టిగా అనక్కర్లేదు కానీ ఆడదగ్గ డిఫెన్సే. 4. సి-బంటు డి5ను తింటే ఈ-బంటుతో తీయాలి. 5. గుర్రం ఎఫ్3, గుర్రం సి6 6. జి3, గుర్రం ఎఫ్6 7. బిషప్ జి2, బిషప్ ఈ7, ఇద్దరూ క్యాస్లింగ్, 9. బిషప్ జి5. ఇక్కడ సి5తో డి4ను తింటే తెల్ల గుర్రం అక్కడ కూర్చుంటుంది, మీకు డి5లో ఒంటరి బంటు మిగులుతుంది.

ఆ బంటుకు పక్క బంటు కాపు లేదు, అది దాని బలహీనత. కానీ ఈ4, సి4 గళ్లు రెండూ దాని చలవే. పావులు బోర్డు మీద ఉన్నంతసేపు ఆ గళ్లు, తెరిచి ఉన్న ఈ-వరుస, కదిలే బిషప్‌లు మీ సొత్తు. రాణులు, చిన్న పావులు మారిపోయాక బంటు ఒక్కటే మిగులుతుంది. దాన్ని కాయడానికి మీ రూక్ కట్టుబడిపోతుంది. మీకు జరుగుతున్నది అదే. కాబట్టి 10... హెచ్6తో బిషప్‌ను అడిగి, ఈ3కి వెళ్లాక రూక్ ఈ8. తెల్ల సి6లో గుర్రాలు మార్చి, గుర్రం ఎ4, ఆపై బిషప్ సి5 అని మీ సి6, డి5 బంట్లను కట్టేయాలని చూస్తాడు. ఆ సి5 గడి మీద కన్నేసి ఉంచండి. తెల్ల 9వ ఎత్తులో డి4తో సి5ను తింటే మాత్రం మీ బిషప్ తిరిగి తిని, 10. బిషప్ జి5కి వెంటనే డి4 తోసేయండి. డి4 గడిని తెల్ల గుర్రం పట్టుకోకముందే బంటు దాటిపోవాలి. ఒక్క ఎత్తు ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

స్పాస్కీ 1969లో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో దీన్ని పెట్రోసియాన్ మీద వాడారు. కాస్పరోవ్ 1984లో కార్పోవ్ మీద వాడి 7, 9 ఆటలు ఓడిపోయి పక్కన పెట్టారు. రెండు మ్యాచ్‌ల ఆటలూ వేసి చూడండి. నల్ల పావులు ఎప్పుడు పరుగెత్తాయో, ఎప్పుడు ఒంటరి బంటుకు కాపలాగా మిగిలాయో తేడా కళ్లకు కడుతుంది.

ప్రశ్న (ఒక పాఠకుడు, సీతమ్మధార): ఫ్రెంచ్ డిఫెన్స్‌లో (1. ఈ4 ఈ6 2. డి4 డి5) ఆయన పేరున్న 3. గుర్రం డి2 వల్ల లాభమేమిటి?

జవాబు: సి3లో గుర్రం ఉంటే బి4 నుంచి బిషప్ దాన్ని కట్టేస్తుంది. డి2లో ఉంటే ఆ బాధ లేదు, సి3 బంటుతో డి4ను కాయొచ్చు. నష్టం: సి1 బిషప్‌కు కాసేపు దారి మూసుకుంటుంది, డి5 మీద ఒత్తిడి తగ్గి నల్ల సులువుగా సి5 తోస్తాడు.

ప్రశ్న (ఒక కోచ్, పెందుర్తి): నిమ్జోవిచ్ మీద ఆయన చేసిన రెండు బిషప్‌ల బలిదానం పిల్లలకు చూపిస్తే, తర్వాతి వారమే అందరూ బిషప్‌లు పారేస్తున్నారు. ఎలా చెప్పాలి?

జవాబు: బలిదానం నుంచి కాకుండా దానికి ముందు ఎత్తు నుంచి మొదలుపెట్టండి. 1914 సెయింట్ పీటర్స్‌బర్గ్. టార్రాష్‌కు 52 ఏళ్లు, ఆడుతున్నది నల్ల పావులతో. 18వ ఎత్తుకు ముందు తెల్ల: రాజు జి1, రాణి సి2, రూక్‌లు సి1, ఎఫ్1, బిషప్ బి2, గుర్రం డి2, బంట్లు ఎ2, బి3, ఈ3, ఎఫ్2, జి2, హెచ్2. నల్ల: రాజు జి8, రాణి ఈ7, రూక్‌లు డి8, ఎఫ్8, బిషప్‌లు సి6, డి6, బంట్లు ఎ7, సి5, డి5, ఎఫ్7, జి6, హెచ్7.

టార్రాష్ ఆడింది 18... డి4. ఒక్క బంటు ఒక్క గడి కదిలితే మూడు పనులయ్యాయి. సి6 బిషప్‌కు జి2 దాకా దారి తెరుచుకుంది. బి2 నుంచి నల్ల రాజు వైపు చూస్తున్న తెల్ల బిషప్ దారి మూసుకుంది. డి5 గడి ఖాళీ అయి, రూక్ డి8 నుంచి డి5, అక్కడి నుంచి హెచ్5 చేరే బాట పడింది. తెల్ల డి4ను తిన్నాకే 19... బిషప్ హెచ్2 చెక్ 20. రాజు తింటాడు, రాణి హెచ్4 చెక్ 21. రాజు జి1, రెండో బిషప్ జి2లో పడుతుంది. దాన్ని రాజు తింటే రాణి జి4 చెక్, రాజు మూలకు, ఆపై రూక్ డి5, హెచ్5లో మాట్ బెదిరింపు. తెల్ల రాణిని ఇచ్చి ఆపుకున్నా, జి5 నుంచి రాణి చెక్ ఇచ్చి డి2 గుర్రాన్ని కూడా పట్టేస్తుంది. నిమ్జోవిచ్ తినకుండా 22. ఎఫ్3 ఆడారు. అయినా రాజు బోర్డంతా నడిచి 32వ ఎత్తులో డి7 దగ్గర మాట్ అయ్యాడు.

పిల్లల చేత ఇది అడిగించండి: తెల్ల గుర్రం డి2లో కాక ఎఫ్3లో ఉంటే? అది హెచ్2నూ హెచ్4నూ కాస్తుంది, దాడి రెండో ఎత్తుకే ఆగిపోతుంది. తర్వాత నల్ల డి8 రూక్‌ను తీసి ఎ8లో పెట్టి మళ్లీ ఆడించండి. రూక్‌కు హెచ్5 దారి లేకపోతే రెండు బిషప్‌లూ ఊరికే పోయినట్టే. రెండు బిషప్‌ల దారులు తెరిచి ఉన్నాయా, కాపలా గుర్రం దూరంగా ఉందా, రాణి ఒక్క ఎత్తులో హెచ్-వరుసకు వస్తుందా, వెనక రూక్ వస్తుందా అన్న నాలుగు ప్రశ్నలు నోట్‌బుక్కులో రాయించండి. ఒక్కదానికి 'లేదు' వచ్చినా బిషప్ చేతిలోనే ఉంచుకోవాలి.

ఆ టోర్నీలో ఈ ఆటకు అందమైన ఆటలకిచ్చే బహుమతుల్లో రెండోది దక్కింది. మొదటిది కాపబ్లాంకా బెర్న్‌స్టైన్ మీద గెలిచిన ఆటకు ఇచ్చారు. ఇలాంటి బలిదానం 1889లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో లాస్కర్ బాయర్ మీద చేసి ఉండడం అందుకు ఒక కారణమంటారు. ఫైనల్ ఐదుగురిలో టార్రాష్ లాస్కర్, కాపబ్లాంకా, అలెఖైన్‌ల తర్వాత నాలుగో స్థానంలో నిలిచారు, దారిలో కాపబ్లాంకాను ఓడించి మరీ.

ప్రశ్న (నలుగురు మిత్రులు, మధురవాడ): ఆదివారం పొద్దున కూర్చుని ఆయన ఆటలు చదవాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: 1895లో వచ్చిన 'మూడు వందల ఆటలు' పుస్తకం ఇంగ్లిషులో దొరుకుతుంది. పూర్తిగా కొత్తవాళ్లయితే 1931లో ఆయన రాసిన పాఠ్యపుస్తకం మేలు. అందులో ముగింపులు ముందు, ఓపెనింగులు చివర. వారానికి ఒక్క ఆట చాలు. మీలో ఒకరు పుస్తకం పట్టుకుని తెల్లకాగితంతో ఎత్తులు మూసి ఉంచాలి. పదో ఎత్తు దాకా చకచకా వేసేయండి. అక్కడి నుంచి టార్రాష్ వైపు ప్రతి ఎత్తుకూ మిగతా ముగ్గురూ మాట్లాడుకోకుండా ఐదు నిమిషాల్లో తమ ఎత్తు, దాని కారణం ఒక వాక్యంలో రాయాలి. తర్వాతే కాగితం జరపాలి. కారణం రాయకపోతే మంచి ఎత్తు ఊహించినా లెక్కలోకి రాదు.

ఫోన్‌లో ఎత్తులను లెక్కగట్టే చెస్ ఇంజిన్‌ను ఆట మొత్తం పూర్తయ్యేదాకా తెరవొద్దు. ముందే తెరిస్తే అందరూ అంకె చూసి తల ఊపుతారు, కారణం ఎవరూ వెతకరు. చివర్లో మాత్రం తప్పకుండా తెరవండి. టార్రాష్ వ్యాఖ్యల్లో ఆట మొదటి నుంచీ ఒకే పథకంగా, ఎదుటివాడు ఎక్కడా తప్పించుకోలేనట్టుగా కనిపిస్తుంది. నిజానికి మధ్యలో వాడికి ఒకట్రెండు చోట్ల దారి దొరికే ఉంటుంది. అది ఏ ఎత్తు దగ్గరో నలుగురూ కలిసి వెతికి పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకోండి. మొదటి ఆదివారానికి మార్కో ఆట తీసుకోండి, పద్దెనిమిది ఎత్తులే కాబట్టి గంటన్నరలో అయిపోతుంది.